సమాచార, సాంకేతిక విధానాల రూపకల్పనలో మాధ్యమాల పాత్ర

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు:

- సమాచార విధానం అంటే ఏమిటో, అది ఏ దశల్లో తయారవుతుందో వివరించగలుగుతారు.
- విధాన నిర్ణయాలపై మాధ్యమాలు ప్రభావం చూపే మార్గాలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- రేడియో, ఇంటర్నెట్, కేబుల్ టీవీ రంగాల్లో మాధ్యమాలు పోషించిన పాత్రల్లోని తేడాను గుర్తించగలుగుతారు.
- సమాచార విధానంపై వచ్చే వార్తను విమర్శనాత్మకంగా చదవగలుగుతారు.

1. పరిచయం

అనకాపల్లి గవరపాలెంలో ఒక ఇంటిని ఊహించుకోండి. ముందు గదిలో కేబుల్ కనెక్షన్ ఉన్న టీవీ ఉంది. ఇంట్లో ముగ్గురి దగ్గర మొబైల్ ఫోన్లు ఉన్నాయి. అలమరలో ఒక రేడియో ఉంది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో ప్రారంభమైననాటి నుంచి ఆ కుటుంబానికి రేడియో అలవాటు. ఇంటి పెద్ద బెల్లం మార్కెట్లో పనిచేస్తాడు. ఆ రోజు దిమ్మల ధర ఎంత పలికిందో ఫోన్‌లోనే తెలుసుకుంటాడు. కూతురు ఫోన్‌లో పాఠాలు వింటూ దూరవిద్య ద్వారా డిగ్రీ చదువుతోంది.

ఈ మూడు వస్తువుల వెనుకా ఆ కుటుంబం ఎన్నడూ చూడని కొన్ని నియమాలు పనిచేస్తున్నాయి. కేబుల్ బిల్లులో ఏ ఛానలుకు ఎంత వసూలు చేయవచ్చు? ఫోన్‌లో ఏ వెబ్‌సైటు తెరిచినా డేటాకు ఒకే రేటు ఎందుకు పడుతుంది? ఒక గ్రామంలోని రైతులు తమ సొంత రేడియో కేంద్రం పెట్టుకోవాలంటే ఎవరి అనుమతి కావాలి? ఈ ప్రశ్నలకు జవాబులు ఎక్కువగా ఢిల్లీలో తయారవుతాయి. గవరపాలెంలోని ఇంటికి వాటి సంగతి తెలిసేది పత్రిక ద్వారా, టీవీ ద్వారా, లేదా ఫోన్‌కు వచ్చిన ఒక వీడియో ద్వారా.

ఇక్కడే ఈ విషయానికున్న ప్రత్యేకత కనిపిస్తుంది. రోడ్ల విధానం గురించి రాసే పత్రికకు ఆ రోడ్డుతో సాధారణంగా సొంత వ్యాపారం ఉండదు. సమాచార విధానం అలాంటిది కాదు. దాని వల్ల లాభపడేవారిలోనూ నష్టపోయేవారిలోనూ మాధ్యమాలే ఉంటాయి. వార్త చెప్పేవారు, వ్యవహారంలో భాగస్వాములు ఒక్కరే అయినప్పుడు ఆ వార్తను ఎలా అర్థం చేసుకోవాలి? ఈ భాగమంతా ఈ ప్రశ్న చుట్టూ సాగుతుంది.

2. సమాచార విధానం ఎక్కడ తయారవుతుంది?

సమాచారం ఒకరి నుంచి మరొకరికి చేరే మార్గాలను ఎవరు నిర్వహించాలి, ఎంత ధరకు అందించాలి, ఏ షరతులకు లోబడి నడపాలి అనే విషయాలపై ప్రభుత్వం తీసుకునే నిర్ణయాల సమాహారాన్ని సమాచార విధానం అనవచ్చు. మన దేశంలో ఈ నిర్ణయాలు ఒకే చోట జరగవు.

మొదటిది పార్లమెంటు. టెలిగ్రాఫు, టెలిఫోను, ప్రసారాలన్నిటికీ చాలాకాలం ఆధారంగా ఉన్నది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. దాని స్థానంలో పార్లమెంటు 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టాన్ని చేసింది. రెండవది కేంద్ర మంత్రిత్వ శాఖలు. టెలికాం విభాగం లైసెన్సులు, స్పెక్ట్రమ్ వ్యవహారాలు చూస్తుంది. సమాచార, ప్రసార శాఖ రేడియో, టీవీ అనుమతులు ఇస్తుంది. మూడవది భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ. దీనినే ట్రాయ్ అంటారు. 1997లో చట్టం ద్వారా ఏర్పడిన ఈ సంస్థ పరిధిలోకి 2004లో ప్రసార, కేబుల్ సేవలు కూడా వచ్చాయి. నాలుగవది న్యాయస్థానాలు.

ట్రాయ్ పనిచేసే తీరును మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఒక అంశంపై నిర్ణయం తీసుకునే ముందు ట్రాయ్ సంప్రదింపు పత్రం విడుదల చేస్తుంది. అందులో సమస్యను వివరించి కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నిర్ణీత గడువులోగా ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. ఆ తరువాత ఇతరుల అభిప్రాయాలపై ప్రతివ్యాఖ్యలు పంపడానికి మరో గడువు ఉంటుంది. బహిరంగ చర్చ కూడా జరుపుతుంది. చివరకు ధరలు, సేవల నాణ్యత వంటి అంశాల్లో తానే నియమాలు జారీ చేస్తుంది. లైసెన్సుల వంటి అంశాల్లో ప్రభుత్వానికి సిఫార్సు చేస్తుంది. పారదర్శకంగా వ్యవహరించాలని ట్రాయ్ చట్టమే చెబుతోంది.

అంటే సామాన్యుడికి తలుపు తెరిచే ఉంది. అయితే ఆ తలుపు కొన్ని వారాలే తెరిచి ఉంటుంది. పత్రాలు ప్రధానంగా ఇంగ్లిషులో, సాంకేతిక భాషలో ఉంటాయి. కంపెనీలకు వాటిని చదివి జవాబు రాసే నిపుణులు ఉంటారు. వినియోగదారుడికి ఉండరు. తలుపు తెరిచి ఉన్న సంగతి సమయానికి చెప్పేవారు లేకపోతే అది మూసి ఉన్నట్టే లెక్క. మాధ్యమాల పని ఇక్కడ మొదలవుతుంది.

3. ప్రభావం చూపే మార్గాలు

మాధ్యమాల ప్రభావాన్ని వివరించడానికి పరిశోధకులు కొన్ని భావనలను ఉపయోగిస్తారు.

ఎజెండా నిర్ణయం: 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ పట్టణంలోని ఓటర్లపై మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా ఒక అధ్యయనం చేశారు. అది 1972లో ప్రచురితమైంది. వార్తల్లో ఏ అంశాలకు ఎక్కువ చోటు దక్కిందో, ఓటర్లు కూడా దాదాపు ఆ అంశాలనే ముఖ్యమైనవిగా భావించారని వారు చూపారు. ఏ సమస్య గురించి ఆలోచించాలో నిర్ణయించడంలో మాధ్యమాలకు బలం ఉందన్నది దీని సారాంశం.

ఫ్రేమింగ్: ఒకే విషయాన్ని ఏ కోణం నుంచి, ఏ మాటలతో చెబుతారన్నది ఫ్రేమింగ్. ఒక కంపెనీ కొన్ని వెబ్‌సైట్లను ఉచితంగా ఇస్తానంటే దానిని ‘పేదలకు ఉచిత ఇంటర్నెట్’ అని చెప్పవచ్చు. ‘ఏ వెబ్‌సైటు చూడాలో కంపెనీ నిర్ణయించే ఇంటర్నెట్’ అనీ చెప్పవచ్చు. రెండూ ఒకే పథకం గురించిన మాటలు. కానీ వినేవారిలో కలిగే స్పందన వేరు.

వేదిక: భిన్నాభిప్రాయాలు ఎదురెదురుగా నిలిచే చోటును మాధ్యమాలు కల్పిస్తాయి.

భాగస్వామ్యం: సమాచార విధానంలో మాధ్యమ సంస్థలు స్వయంగా అభిప్రాయాలు పంపుతాయి, కోర్టుకు వెళతాయి, ప్రభుత్వంతో చర్చిస్తాయి.

మొదటి మూడు పాత్రలు ఏ రంగంలోనైనా కనిపిస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమాన్ని గుర్తు చేసుకోండి. ఆ మహిళల పోరాటాన్ని ‘ఈనాడు’ పత్రిక విస్తృతంగా ప్రచురించింది. ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి వచ్చింది. పత్రిక ఒక సమస్యను రాష్ట్ర ఎజెండాలోకి తేగలదని దీనివల్ల తెలుస్తుంది. సారా అమ్మకం ఆ పత్రిక వ్యాపారం కాదు. నాలుగవ పాత్ర అయిన భాగస్వామ్యం సమాచార విధానానికి ప్రత్యేకమైనది. ఇప్పుడు ముందు చెప్పిన మూడు వస్తువులను, అంటే రేడియో, ఫోను, టీవీలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. మూడింటిలోనూ మాధ్యమాల పాత్ర ఒకే విధంగా లేదని గమనించండి.

4. రేడియో: చేసి చూపిన మాధ్యమం

1993లో జరిగిన హీరో కప్ క్రికెట్ పోటీల ప్రసార హక్కుల విషయంలో బెంగాల్ క్రికెట్ సంఘానికి, దూరదర్శన్‌కు వివాదం వచ్చింది. అది సుప్రీంకోర్టుకు చేరింది. 1995 ఫిబ్రవరి 9న న్యాయమూర్తులు పి.బి. సావంత్, ఎస్. మోహన్, బి.పి. జీవన్ రెడ్డిల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. వీరిలో జీవన్ రెడ్డి అంతకు ముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేశారు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిని ప్రజాప్రయోజనం కోసం ఒక స్వతంత్ర ప్రజా సంస్థ నియంత్రించాలని కోర్టు చెప్పింది. క్రికెట్ ప్రసారంతో మొదలైన కేసు, తరంగాలు ఎవరివన్న మౌలిక ప్రశ్నకు జవాబుతో ముగిసింది.

తరంగాలు ప్రజలవే అయితే, పల్లెలోని ప్రజలు వాటిని వాడుకోవడం ఎలా? ఈ ప్రశ్నకు తెలుగు నేల నుంచే ఒక జవాబు వచ్చింది. అప్పటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతుల సంఘాలతో పనిచేస్తోంది. యునెస్కో సహాయంతో 1990ల చివరి నాటికి అక్కడ మాచునూరులో రేడియో స్టూడియో సిద్ధమైంది. చిరుధాన్యాల సాగు, విత్తనాలు, ఆరోగ్యం, పాటలు, పండుగల గురించి మహిళలే తమ యాసలో కార్యక్రమాలు రికార్డు చేశారు. కానీ ప్రసారానికి లైసెన్సు లేదు. ఇచ్చే విధానమే దేశంలో లేదు. అందువల్ల ఆ క్యాసెట్లను సంఘం సమావేశాల్లో వినిపించేవారు.

2000 జూలైలో సొసైటీ కార్యస్థానమైన పస్తాపూర్‌లో సామాజిక రేడియోపై ఒక సదస్సు జరిగింది. ప్రభుత్వ, వాణిజ్య రేడియోలతో పాటు ప్రజల చేతుల్లో ఉండే మూడవ తరహా రేడియోకు చోటివ్వాలని అక్కడ చేరినవారు ఒక ప్రకటనలో కోరారు. ప్రభుత్వం 2002 చివరలో సామాజిక రేడియోకు మొదటి విధానం తెచ్చింది. అయితే అది విద్యాసంస్థలకే పరిమితమైంది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం ఆ విధానం కింద మొదటి కేంద్రాన్ని ప్రారంభించింది. స్వచ్ఛంద సంస్థలకూ అర్హత కల్పిస్తూ 2006 నవంబరులో విధానాన్ని విస్తరించారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రసారం మొదలుపెట్టింది. స్టూడియో సిద్ధమైన తరువాత తరంగం చేతికి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది.

ఇక్కడ మాధ్యమం చేసిన పని ఏమిటి? లైసెన్సు లేని రోజుల్లోనే కార్యక్రమాలు తయారు చేసి చూపడం. చదువురాని పల్లె మహిళలు రేడియో నడపలేరన్న సందేహానికి ఆ క్యాసెట్లే సమాధానం అయ్యాయి. పత్రికల కథనాలు ఆ సమాధానాన్ని దూరప్రాంతాలకు చేర్చాయి. దీన్ని బట్టి ఒక సంగతి గుర్తుంచుకోండి. విధానాన్ని మార్చే మాధ్యమం పెద్దదే కానక్కరలేదు. ఆచరణలో ఉన్న చిన్న ఉదాహరణ కూడా బలమైన వాదనే.

అయితే ఈ విజయానికి ఒక పరిమితి ఉంది. మన దేశంలో సామాజిక రేడియోలకు గానీ ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు గానీ సొంతంగా వార్తలు తయారు చేసి ప్రసారం చేసే అనుమతి లేదు. ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించవచ్చు. ప్రైవేటు టీవీకి, పత్రికకు ఉన్న స్వేచ్ఛ రేడియోకు లేదు. వార్తాపత్రికల్లో ఈ తేడాపై చర్చ తక్కువగా కనిపిస్తుంది. ఎందుకో మీరే ఆలోచించండి.

5. ఇంటర్నెట్: అనువదించిన మాధ్యమం

2015 మార్చి 27న ట్రాయ్ ఒక సంప్రదింపు పత్రం విడుదల చేసింది. ఇంటర్నెట్ ద్వారా సందేశాలు, కాల్స్ వంటి సేవలందించే సంస్థలను నియంత్రించాలా అన్నది అందులోని ప్రధానాంశం. పత్రం వంద పేజీలు దాటింది. 20 ప్రశ్నలు ఉన్నాయి. అభిప్రాయాలకు గడువు ఏప్రిల్ 24. మామూలుగా అయితే ఇలాంటి పత్రానికి కంపెనీలు, కొన్ని వినియోగదారుల సంఘాలు జవాబిస్తాయి.

ఈసారి అలా జరగలేదు. మీడియానామా అనే వార్తా వెబ్‌సైటు వ్యవస్థాపకుడు నిఖిల్ పాహ్వాతో పాటు కొందరు సాంకేతిక నిపుణులు, న్యాయవాదులు కలిసి ఆ పత్రాన్ని మామూలు మాటల్లోకి మార్చారు. అభిప్రాయాన్ని నేరుగా ట్రాయ్‌కి పంపేందుకు ఒక వెబ్‌సైటు ఏర్పాటు చేశారు. ఏ.ఐ.బి. అనే హాస్య బృందం ఏప్రిల్‌లో ఒక వీడియో విడుదల చేసింది. గడువు ముగిసే నాటికి ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా ఈమెయిళ్లు చేరాయి. ‘నెట్ న్యూట్రాలిటీ’ అన్న మాట దినపత్రికల మొదటి పేజీల్లోకి వచ్చింది. తెలుగులో ‘అంతర్జాల తటస్థత’ అన్న పదం వాడుకలోకి రావడం కూడా ఆ రోజుల్లోనే ఎక్కువైంది.

విషయం ఏమిటో సంక్షిప్తంగా చూద్దాం. ఫోన్ కంపెనీ అన్ని వెబ్‌సైట్లను సమానంగా చూడాలని, డబ్బు తీసుకుని కొన్నింటిని ఉచితం చేయడం, కొన్నింటిని మందగింపజేయడం కూడదని నెట్ న్యూట్రాలిటీ సూత్రం చెబుతుంది. అనకాపల్లిలో ఒక యువకుడు బెల్లం అమ్మకానికి చిన్న వెబ్‌సైటు పెట్టాడనుకుందాం. పెద్ద కంపెనీ వెబ్‌సైటు ఉచితంగా తెరుచుకుని, అతనిది తెరవడానికి డేటా ఖర్చయితే కొనుగోలుదారు ఎటు వెళతాడు? ఈ సూత్రంలో ఉన్న ఆర్థిక ప్రశ్న ఇదే.

2015 డిసెంబరులో వేర్వేరు ధరల అంశంపై ట్రాయ్ రెండో పత్రం విడుదల చేసింది. అప్పుడు ఫేస్‌బుక్ తన ‘ఫ్రీ బేసిక్స్’ పథకానికి మద్దతుగా పత్రికల్లో భారీ ప్రకటనలు ఇచ్చింది. ఫేస్‌బుక్ వాడేవారు ఒక మీట నొక్కితే ట్రాయ్‌కి సందేశం వెళ్లే ఏర్పాటు చేసింది. దాని అధినేత మార్క్ జుకర్‌బర్గ్ రాసిన వ్యాసాన్ని ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ ప్రచురించింది. వ్యతిరేక వాదన వినిపిస్తూ పాహ్వా రాసిన వ్యాసానికి కూడా అదే పత్రిక చోటిచ్చింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తన నిర్ణయం ప్రకటించింది. వెబ్‌సైటును బట్టి డేటా ధర మార్చడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయల జరిమానా, గరిష్ఠంగా 50 లక్షలు అని నియమం పెట్టింది. కొద్ది రోజులకే ఫేస్‌బుక్ ఆ పథకాన్ని మన దేశంలో ఆపివేసింది.

ఈ ఉదాహరణలో మూడు విషయాలు గమనించండి. ఒకటి, ఇక్కడ మాధ్యమం చేసిన అసలు పని అనువాదం. సాంకేతిక భాషలో ఉన్న ప్రశ్నను ఇంటి భాషలోకి తెచ్చింది. గడువు తేదీని ప్రజలకు గుర్తుచేసింది. రెండు, సంఖ్యే అభిప్రాయం కాదు. ఒకే వాక్యంతో వచ్చిన లక్షల సందేశాలు వాటిని పంపినవారి సొంత ఆలోచనను ఎంతవరకు చెబుతాయన్న ప్రశ్న రెండు పక్షాలకూ వర్తిస్తుంది. మూడు, వార్తాసంస్థలు ఇక్కడ కూడా బయట నిలబడిన సాక్షులు కావు. ‘ఫ్రీ బేసిక్స్’ పథకానికి అంతకు ముందున్న పేరు ఇంటర్నెట్ డాట్ ఆర్గ్. అందులో మొదట కొన్ని వార్తాసంస్థలు చేరాయి. విమర్శలు పెరిగాక 2015 ఏప్రిల్‌లో ఎన్డీటీవీ దాని నుంచి వైదొలిగింది.

6. కేబుల్ టీవీ: భాగస్వామి అయిన మాధ్యమం

మూడవ ఉదాహరణలో మాధ్యమాల ప్రయోజనం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 2017 మార్చిలో ట్రాయ్ టీవీ ఛానళ్ల ధరలపై కొత్త ఉత్తర్వు జారీ చేసింది. ప్రతి చెల్లింపు ఛానలుకు విడిగా ధర ప్రకటించాలి. ప్రేక్షకుడు తనకు కావలసిన ఛానలునే ఎంచుకుని దానికే డబ్బు కట్టాలి. ఉత్తర్వు ఉద్దేశం ఇది. స్టార్ ఇండియా సంస్థ దీనిని మద్రాసు హైకోర్టులో, తరువాత సుప్రీంకోర్టులో సవాలు చేసింది. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ట్రాయ్ అధికారాన్ని సమర్థించింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి కొత్త పద్ధతి అమలుకు వచ్చింది.

అప్పట్లో ప్రేక్షకుడి మీద పడిన లెక్క ఇది. 100 ఛానళ్ల వరకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు. పన్నుతో కలిపి దాదాపు 153. చెల్లింపు ఛానళ్లకు అదనం. ప్యాక్‌లో చేర్చే ఛానలు ధర 19 రూపాయలు దాటకూడదు. ఈ కొత్త పద్ధతి గురించి ప్రేక్షకుడికి రోజూ చెప్పినవి ఆ ఛానళ్లే. తెర మీద నడిచే స్క్రోలింగులు, ప్రకటనలు మా ఛానళ్ల ప్యాక్ ధర ఇంత, మీ కేబుల్ ఆపరేటర్‌ను అడిగి తీసుకోండి అని చెప్పాయి. ఒక్కొక్క ఛానలుగా ఎంచుకునే హక్కు ఉందన్న మాట కన్నా ప్యాక్ మాటే ఎక్కువ వినిపించింది. విడిగా కొంటే ఎక్కువ, ప్యాక్‌గా కొంటే బాగా తక్కువ అయ్యేలా ధరలు ఉండటంతో ఎంపిక హక్కు కాగితానికే పరిమితమవుతోందని తరువాత ట్రాయ్ కూడా గుర్తించింది. 2020 జనవరి 1న నియమాలు సవరించి 12 రూపాయలకు మించిన ఛానలును ప్యాక్‌లో చేర్చరాదని చెప్పింది. ప్రసార సంస్థలు మళ్లీ కోర్టుకెక్కాయి. 2022 నవంబరులో ఆ పరిమితి తిరిగి 19 రూపాయలకు చేరింది.

ఇక్కడ ఛానళ్లు తప్పు చేశాయని చెప్పడం మన ఉద్దేశం కాదు. తమ వ్యాపారాన్ని కాపాడుకోవడం, కోర్టుకు వెళ్లడం ఏ సంస్థకైనా ఉన్న హక్కే. కానీ ధరల నియమం గురించి ప్రేక్షకుడికి తెలిసే ప్రధాన మార్గం, ఆ ధర వల్ల ఆదాయం పొందే సంస్థ చేతిలోనే ఉంది. అందుచేత మూడో పక్షమైన ప్రేక్షకుడి గొంతు తెర మీద బలహీనంగా వినిపిస్తుంది.

ప్రయోజనాల ఘర్షణకు మరో ముఖం కూడా ఉంది. వార్తా ఛానలు కేబుల్ తీగ మీద ఆధారపడుతుంది. 2014లో తెలంగాణలో రెండు తెలుగు వార్తా ఛానళ్ల ప్రసారాలు, 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని వార్తా ఛానళ్ల ప్రసారాలు కేబుల్ నెట్‌వర్కుల్లో నిలిచిపోయాయి. రెండు సందర్భాల్లోనూ వివాదం కోర్టుల వరకు వెళ్లింది. ఛానళ్ల పట్ల వివక్ష లేకుండా పంపిణీదారులు వాటిని ప్రసారం చేయాలని చెప్పే నియంత్రణ నియమం వార్తాస్వేచ్ఛకు ఎంత అవసరమో ఇక్కడ అర్థమవుతుంది. అయితే ఏ ఛానలు ఆగిందో ఆ ఛానలు దీన్ని స్వేచ్ఛపై దాడిగా చెప్పింది. పోటీ ఛానళ్లలో చాలావరకు దీనికి అంత చోటు దక్కలేదు. మాధ్యమాల స్వేచ్ఛ అన్న సూత్రం కూడా ఎవరి ఛానలు ఆగింది అన్న దాన్ని బట్టి పెద్ద వార్త, చిన్న వార్త కావడం పాఠకుడు గుర్తించవలసిన సంగతి.

7. వార్తకు అందని విధానం

మాధ్యమాల ప్రభావం గురించి చెప్పుకున్నప్పుడు వాటి మౌనం గురించి కూడా చెప్పుకోవాలి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ‘ఈనాడు’, ఆ తరువాత ఇతర తెలుగు దినపత్రికలు జిల్లా అనుబంధాల ద్వారా స్థానిక వార్తకు గొప్ప చోటు కల్పించాయి. మండలంలోని మంచినీటి సమస్య, నూకాంబిక అమ్మవారి జాతర ఏర్పాట్లు, బెల్లం ధరల హెచ్చుతగ్గులు అన్నీ అక్కడ కనిపిస్తాయి. ఢిల్లీలో విడుదలైన సంప్రదింపు పత్రం మాత్రం జిల్లా పేజీకి చెందదు. రాష్ట్ర పేజీకీ సరిపోదు. వచ్చినా వ్యాపార పేజీలో చిన్న వార్తగా వస్తుంది. వ్యాపార పేజీ చదివేవారికి అది కంపెనీల సంగతిగా తోస్తుంది. ఇలా గవరపాలెం ఇంటి బిల్లును నిర్ణయించే పత్రం ఆ ఇంటి పత్రికలో సరైన చోటు దొరకక జారిపోతుంది.

వార్తకు సంఘటన కావాలి. విధానం మాత్రం మెల్లగా, పత్రాల్లో, సవరణల్లో నడుస్తుంది. ప్రకటించిన రోజు వార్త అవుతుంది. అభిప్రాయాలు పంపే వారాల్లో వార్త కాదు. బిల్లు పెరిగాక మళ్లీ వార్త అవుతుంది. అప్పటికి గడువు దాటిపోయి ఉంటుంది.

ఇందుకు భిన్నమైన సందర్భం ఒకటి చూడండి. కేంద్రం 2023 నవంబరులో ప్రసార సేవల నియంత్రణ బిల్లు ముసాయిదాను ప్రజల ముందుంచింది. 2024లో మార్పులు చేసిన ముసాయిదాను ఎంపిక చేసిన కొందరికే ఇచ్చారని, అది యూట్యూబ్‌లో వార్తలు, వ్యాఖ్యలు చేసే వ్యక్తులకు కూడా వర్తించేలా ఉందని వార్తలు వెలువడ్డాయి. పాత్రికేయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మరిన్ని సంప్రదింపుల తరువాత కొత్త ముసాయిదా ప్రచురిస్తామని 2024 ఆగస్టులో మంత్రిత్వ శాఖ ప్రకటించింది. ఇక్కడ మాధ్యమాలు ముసాయిదా దశలోనే మేలుకున్నాయి. తమకు సంబంధించినది కాబట్టి మేలుకున్నాయని విమర్శించవచ్చు. అయినా ఆ మెలకువ వల్ల సామాన్యుడికి కూడా మేలు జరిగింది. మాధ్యమాల ప్రయోజనం, ప్రజల ప్రయోజనం కొన్నిసార్లు ఒకే దారిలో నడుస్తాయి, కొన్నిసార్లు విడిపోతాయి. ఏది ఎప్పుడన్నది పాఠకుడే తేల్చుకోవాలి.

8. సమాచార విధానంపై వార్తను చదివే పద్ధతి

ఇలాంటి వార్త కనిపించినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి.

1) ఇది ఏ దశలో ఉంది? సంప్రదింపు పత్రమా, ముసాయిదానా, అమలైన నియమమా? అభిప్రాయం పంపే గడువు మిగిలి ఉందా?
2) నిర్ణయించే అధికారం ఎవరిది? ట్రాయ్‌దా, మంత్రిత్వ శాఖదా, పార్లమెంటుదా?
3) ఈ వార్త ఇస్తున్న సంస్థకు ఇందులో లాభనష్టాలు ఉన్నాయా? ఉంటే ఆ సంగతి వార్తలో చెప్పిందా?
4) ఎవరి మాటలు ఉటంకించారు? కంపెనీ, ప్రభుత్వం, నిపుణులతో పాటు వినియోగదారుడు ఉన్నాడా?
5) ‘ఉచితం’, ‘ఎంపిక’, ‘భద్రత’ వంటి పదాలు తీసివేసి చదివితే మిగిలే విషయం ఏమిటి?

మూడవ ప్రశ్నకు ‘అవును’ అని జవాబు వచ్చినంత మాత్రాన వార్త అబద్ధమని కాదు. మరొక మూలంతో సరిచూడమని మాత్రమే దాని అర్థం. ట్రాయ్ పత్రాలు, వాటికి వచ్చిన అభిప్రాయాలు ఆ సంస్థ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంటాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

అ) ట్రాయ్ ఏ అంశాల్లో స్వయంగా నియమాలు చేస్తుంది? ఏ అంశాల్లో సిఫార్సు మాత్రమే చేస్తుంది?
ఆ) 2002, 2006 సామాజిక రేడియో విధానాల మధ్య ప్రధానమైన తేడా ఏమిటి?
ఇ) 2016 ఫిబ్రవరి 8 నాటి ట్రాయ్ నిర్ణయం దేనిని నిషేధించింది?

సమాధానాలు: అ) ధరలు, సేవల నాణ్యత వంటి అంశాల్లో నియమాలు చేస్తుంది, లైసెన్సుల వంటి అంశాల్లో సిఫార్సు చేస్తుంది. ఆ) మొదటిది విద్యాసంస్థలకే పరిమితం, రెండవది స్వచ్ఛంద సంస్థలకూ అర్హత కల్పించింది. ఇ) వెబ్‌సైటును బట్టి డేటాకు వేర్వేరు ధరలు వసూలు చేయడాన్ని.

సారాంశం

మాధ్యమాలు విధానాన్ని రాయవు. కానీ ఏ ప్రశ్న, ఏ మాటల్లో, ఏ సమయానికి ప్రజల ముందుకు రావాలో చాలావరకు అవే నిర్ణయిస్తాయి. సంఘం రేడియో ఆచరణ ద్వారా విధానానికి దారి చూపింది. నెట్ న్యూట్రాలిటీ చర్చలో మాధ్యమాలు సాంకేతిక పత్రాన్ని ప్రజల భాషలోకి మార్చాయి. కేబుల్ ధరల విషయంలో అవే ఒక పక్షంగా నిలిచాయి. సమాచార విధానంలో మాధ్యమం ఏకకాలంలో కిటికీ, ఇంటి యజమాని కూడా. కిటికీలోంచి కనిపించేదాన్ని చూస్తూనే, ఆ కిటికీని ఎటువైపు తెరిచారో పాఠకుడు గమనిస్తూ ఉండాలి.

నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. సమాచార విధాన రూపకల్పనలో మాధ్యమాల పాత్రను సోదాహరణంగా చర్చించండి.
2. నెట్ న్యూట్రాలిటీ, కేబుల్ ధరల విషయాల్లో మాధ్యమాల పాత్రలను పోల్చి రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఎజెండా నిర్ణయం
2. 1995 నాటి ప్రసార తరంగాల తీర్పు
3. సంఘం రేడియో

అభ్యాసం: మీ ఇంటికి వచ్చే తెలుగు దినపత్రికను వారం రోజులు పరిశీలించండి. టెలికాం, ప్రసార, ఇంటర్నెట్ విధానాలపై ఎన్ని వార్తలు, ఏ పేజీలో వచ్చాయో పట్టిక తయారు చేయండి. ఒక్కొక్క వార్తకు పైన చెప్పిన ఐదు ప్రశ్నలు వేసి, దొరికిన జవాబులను సంపర్క తరగతిలో మీ తోటి విద్యార్థులతో చర్చించండి.